ఒక ల్యాప్‌టాప్, మూడు మెషిన్లు: ఎవరు ఎవరితో మాట్లాడాలి?



ఈ రోజు ప్రసంగంలో కొన్ని అంకెలు వస్తాయి. వీలైతే ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. అంకెలు నిదానంగానే చెబుతాను.

ఇంజనీరింగ్ చదివే పిల్లలు, డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అమీర్‌పేటలో లైనక్స్, నెట్‌వర్కింగ్ కోర్సుల్లో చేరేవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూనే క్లౌడ్ వైపు వెళ్దామనుకునేవాళ్లు... వీళ్లందరికీ ఒకటే చిక్కు. ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటర్. నేర్చుకోవాల్సిందేమో నెట్‌వర్క్. నెట్‌వర్క్ అన్నాక కనీసం రెండు మెషిన్లన్నా ఉండాలి కదా! అందుకని వర్చువల్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వేసుకుంటారు. అందులో రెండు లైనక్స్ మెషిన్లు పెట్టుకుంటారు. రెండింట్లోనూ ఇంటర్నెట్ చక్కగా వస్తుంది. తీరా ఒకదాని నుంచి రెండోదానికి పింగ్ కొడితే ఉలుకూ పలుకూ ఉండదు. ఏదో పాడైందనుకుని మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. మళ్లీ అదే కథ.

నిజానికి అక్కడ ఏదీ పాడవలేదు. ఎవరు ఎవరితో మాట్లాడాలి అన్న ప్రశ్నకు మనం జవాబు చెప్పలేదు. మనం చెప్పలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ తనకు తోచిన జవాబు పెట్టేసుకుంది. ఆ ఒక్క ప్రశ్నను పట్టుకుంటే సెట్టింగ్స్‌లో కనిపించే పేర్లన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ముందు వర్చువల్ మెషిన్ గురించి రెండు మాటలు. ఇది కొత్త ఆలోచన కాదు. ఒక పెద్ద కంప్యూటర్‌ను పలువురికి పలు కంప్యూటర్లుగా చూపించే పద్ధతిని 1960లలోనే ఐబీఎమ్ పరిశోధకులు అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో తయారుచేశారు. 1972లో వీఎం 370 పేరుతో ఆ కంపెనీ దాన్ని ప్రకటించింది. అప్పట్లో అది మెయిన్‌ఫ్రేముల వ్యవహారం. 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ వచ్చాక మామూలు పీసీల మీదికి దిగింది. 2005లో ఇంటెల్, ఆ మరుసటి ఏడు ఏఎమ్‌డీ ప్రాసెసర్లలోనే దీనికి ప్రత్యేక వసతి కల్పించాయి. 2007లో వర్చువల్‌బాక్స్ ఓపెన్ సోర్స్‌గా అందుబాటులోకి వచ్చింది. అదే ఏడు లైనక్స్ కెర్నల్‌లో ఇదే పని చేసే కేవీఎం చేరింది. ఈ రోజు 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద, డెస్క్‌టాప్ హంగులు లేని చిన్న లైనక్స్ సర్వర్లు రెండు మూడు హాయిగా నడుస్తాయి. ఒక్కోదానికి 1 జీబీ ఇస్తే ప్రాక్టీసుకు చాలు. మెషిన్ మొదలవకుండా మొరాయిస్తే బయోస్‌లోకి వెళ్లి వర్చువలైజేషన్ అన్న ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

అసలు కంప్యూటర్‌ను హోస్ట్ అంటాం. లోపల నడిచేవి గెస్టులు. మన రెండు గెస్టులకూ పేర్లు పెడదాం. ఒకటి మంజీర, రెండోది శబరి. అవసరం వచ్చినప్పుడు మూడోదిగా గోదావరిని కూడా తెచ్చుకుందాం.

మంజీరలో లాగిన్ అయ్యి, ఐపీ అని కొట్టి, ఖాళీ వదిలి, ఎ అన్న ఇంగ్లిషు అక్షరం కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక నెట్‌వర్క్ కార్డు కనిపిస్తుంది. అది ప్రో 1000 రకం ఇంటెల్ కార్డని మంజీర నమ్ముతుంది. ఆ కార్డు ఎక్కడా లేదు. వర్చువల్‌బాక్స్ దాన్ని నటిస్తోంది. దాని మ్యాక్ అడ్రస్, అంటే కార్డు గుర్తింపు సంఖ్య, చూడండి, సున్నా ఎనిమిది, సున్నా సున్నా, రెండు ఏడు అని మొదలవుతుంది. వర్చువల్‌బాక్స్ తాను పుట్టించే కార్డులన్నింటికీ వేసే ముద్ర అది. కార్డు ఉత్తుత్తిదే అయినా దాని గుండా వెళ్లే ప్యాకెట్లు అసలైనవే. అసలు కేబుల్‌లో ఏ నియమాలు పాటిస్తాయో ఇక్కడా అవే పాటిస్తాయి. అందుకే ఇక్కడ నేర్చుకున్న విద్య బయట పనికొస్తుంది.

ఇప్పుడు అసలు వింత. మంజీరలో ఐపీ అడ్రస్ చూస్తే 10.0.2.15 అని ఉంటుంది. శబరిలోకి వెళ్లి చూడండి. అక్కడా 10.0.2.15! రెండింటికీ ఒకే అడ్రస్. మరి రెండింట్లోనూ ఇంటర్నెట్ ఎలా వస్తోంది?

వర్చువల్‌బాక్స్ అడక్కుండానే ఇచ్చే మోడ్ పేరు నాట్. పట్నంలో గది అద్దెకు తీసుకున్న కుర్రాడిని తలుచుకోండి. ఊళ్లో ఎవరికీ అతని గది నంబరు తెలియదు. అతను రాసే ఉత్తరాల మీద ఇంటాయన చిరునామా కేరాఫ్‌గా ఉంటుంది. జవాబు ఇంటాయనకే వస్తుంది, ఆయన చూసి కుర్రాడికి అందిస్తాడు. నాట్ చేసే పని ఇదే. మంజీర పంపే ప్యాకెట్ మీద మంజీర అడ్రస్ చెరిపేసి హోస్ట్ అడ్రస్ వేస్తుంది, ఏది ఎవరు పంపారో లోపల పట్టీ రాసుకుంటుంది, జవాబు వచ్చాక పట్టీ చూసి మంజీరకు చేరుస్తుంది. కుర్రాడు ఉత్తరమే రాయనప్పుడు, ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపింది ఇంటాయన ఎవరికని ఇస్తాడు? పక్కన పడేస్తాడు. అందుకే బయటి నుంచి ఎవరూ తమంతట తాముగా మంజీరను పలకరించలేరు.

ఇక రెండు అడ్రసులూ ఒకటే ఎందుకయ్యాయంటే, వర్చువల్‌బాక్స్ ఈ మోడ్‌లో మంజీరకు ఒక ఇంటాయనను, శబరికి వేరే ఇంటాయనను పెట్టింది. రెండూ వేర్వేరు ఇళ్లు. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య దారే లేదు. మంజీర నుంచి 10.0.2.15కి పింగ్ కొడితే జవాబు వస్తుంది. అమ్మయ్య, పలికింది అనుకుంటారు. పలికింది శబరి కాదు, మంజీరే! తనను తానే పలకరించుకుంది.

ఈ మోడ్‌లో ఉంచే బయటి నుంచి మంజీరలోకి రావాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టుకోవాలి. హోస్ట్‌లో 2222 పోర్టుకు వచ్చినదాన్ని మంజీరలో 22కు ఇవ్వమని ముందే రాసిపెడతాం. 22 అంటే ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు, దూరం నుంచి లాగిన్ అయ్యే దారి. ఇంటాయనకు ముందే చెప్పి ఉంచడం అన్నమాట. మీ ఇంటి రౌటర్ చేసేదీ ఇదే నాట్. 32 బిట్ల ఐపీ అడ్రసులు మొత్తం సుమారు 430 కోట్లు. ప్రపంచానికి అవి చాలవని 1990లలోనే తేలిపోయింది. 1990ల మధ్యలో ఇళ్లలో, ఆఫీసుల్లో ఎవరైనా వాడుకోవచ్చని కొన్ని శ్రేణులు విడిగా పెట్టారు. 10తో మొదలయ్యేవి, 192.168తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి. ఈ రోజు మనం చెప్పుకునే అడ్రసులన్నీ దాదాపు ఈ మూడు గుంపుల్లోవే.

మిగతా మోడ్‌లను త్వరగా చూద్దాం. ప్రతిదాన్నీ అదే ప్రశ్న అడుగుదాం.

బ్రిడ్జ్‌డ్. ఇందులో గెస్ట్ నేరుగా మీ ఇంటి నెట్‌వర్క్‌లో కూర్చుంటుంది. రౌటర్ మీ ఫోన్‌కు ఇచ్చినట్టే దీనికీ ఒక అడ్రస్ ఇస్తుంది. ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, హోస్ట్, అందరూ దీనితో మాట్లాడవచ్చు. మంజీరలో వెబ్ సర్వర్ పెట్టి ఫోన్‌లో చూడాలంటే ఇదే సులువు. కేబుల్ మీద దీనికి పేచీ లేదు. వైఫై మీద మాత్రం తిప్పలు పెట్టవచ్చు. వైఫై యాక్సెస్ పాయింట్ తన దగ్గర నమోదైన మ్యాక్ అడ్రస్ తప్ప ఇంకో మ్యాక్ నుంచి వచ్చే ప్యాకెట్లను మామూలుగా ఒప్పుకోదు. వర్చువల్‌బాక్స్ మ్యాక్ మార్చి పంపి నెట్టుకొస్తుంది కానీ, అన్ని చోట్లా అది పారదు. ఇంకో జాగ్రత్త. హాస్టల్లోనో ఆఫీసులోనో ఉండి, బ్రిడ్జ్‌డ్ మోడ్‌లో అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ప్రాక్టీసు చేయకండి. అది పక్క గదుల వాళ్ల ల్యాప్‌టాప్‌లకు కూడా అడ్రసులు పంచడం మొదలుపెడుతుంది. కాసేపట్లో ఆ అంతస్తు మొత్తానికి ఇంటర్నెట్ పోవచ్చు.

హోస్ట్ ఓన్లీ. గెస్టులు ఒకదానితో ఒకటి, హోస్ట్‌తో మాట్లాడతాయి. బయటి ప్రపంచం లేదు. వర్చువల్‌బాక్స్ ఇక్కడ 192.168.56.1 అన్న అడ్రస్‌ను హోస్ట్‌కు పెడుతుంది, గెస్టులకు మామూలుగా 101 నుంచి పంచుతుంది.

ఇంటర్నల్. గెస్టులు గెస్టులతోనే. హోస్ట్‌కు కూడా ప్రవేశం లేదు. అడ్రసులు పంచేవాళ్లెవరూ ఉండరు, మనమే చేత్తో పెట్టుకోవాలి.

ఇక నాట్ నెట్‌వర్క్. పేరు నాట్‌లాగే ఉన్నా పని వేరు. ఇందులో గెస్టులన్నీ ఒకే చోట చేరతాయి. వేర్వేరు అడ్రసులు వస్తాయి, ఒకదానితో ఒకటి మాట్లాడతాయి, అన్నింటికీ ఇంటర్నెట్ ఉంటుంది. మొదట చెప్పిన విద్యార్థికి కావలసింది నిజానికి ఇదే. ముందు ఒక నాట్ నెట్‌వర్క్ తయారుచేసుకుని, రెండు మెషిన్ల సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచుకుంటే సరిపోయేది.

వేరే సాఫ్ట్‌వేర్లలోనూ ఇవే ఉంటాయి, పేర్లు మారతాయి. వీఎంవేర్‌లో వీఎంనెట్ 0 బ్రిడ్జ్‌డ్, వీఎంనెట్ 1 హోస్ట్ ఓన్లీ, వీఎంనెట్ 8 నాట్. లైనక్స్ కేవీఎంలో డిఫాల్ట్ నెట్‌వర్క్ 192.168.122 శ్రేణిలో ఉంటుంది. విండోస్‌లోని హైపర్ వీ దగ్గర కాస్త చూసుకోండి. అక్కడ ఇంటర్నల్ స్విచ్ అంటే హోస్ట్ కూడా లోపలే ఉంటుంది. హోస్ట్‌ను బయట పెట్టాలంటే ప్రైవేట్ స్విచ్ ఎంచుకోవాలి.

ఇప్పుడు కాగితం మీద ఒక బొమ్మ గీద్దాం. ఒక గీత అడ్డంగా గీయండి. అది ఇంటర్నల్ నెట్‌వర్క్. దాని కింద రెండు డబ్బాలు, మంజీర, శబరి. గీతకు పైన ఒక డబ్బా, గోదావరి. గోదావరి నుంచి పైకి ఇంకో గీత. అది ఇంటర్నెట్ వైపు. అంటే మంజీరకు, శబరికి ఒక్కో కార్డే. గోదావరికి రెండు కార్డులు. మొదటిది నాట్, రెండోది ఇంటర్నల్. ఉపనదులు గోదావరిలో కలిసి బయటికి పోవాలి, అదీ ఏర్పాటు.

ఇంటర్నల్ నెట్‌వర్క్‌కు ఒక పేరు ఇవ్వమంటుంది. మూడు మెషిన్లలోనూ అక్షరం తేడా లేకుండా ఒకే పేరు పెట్టండి. ఒకచోట ఒక్క అక్షరం తప్పినా వర్చువల్‌బాక్స్ ఏ ఎర్రర్ చూపించదు. ఆ పేరుతో ఇంకో కొత్త స్విచ్ తయారుచేసి, ఆ మెషిన్‌ను ఒంటరిగా దానికి తగిలిస్తుంది. అడ్రసులన్నీ సరిగ్గానే ఉన్నా మాట కలవకపోతే ముందు చూడవలసింది ఈ పేరే.

అడ్రసులు రాసుకోండి. గోదావరి రెండో కార్డుకు 10.10.10.1. మంజీరకు 10.10.10.2. శబరికి 10.10.10.3. అన్నింటికీ నెట్‌మాస్క్ 255.255.255.0. మంజీర, శబరి రెండింట్లోనూ గేట్‌వే 10.10.10.1 అని పెట్టండి. అంటే బయటికి పోవాల్సిందంతా గోదావరికి అప్పగించమని చెప్పడం.

మంజీర నుంచి శబరికి పింగ్ కొట్టండి. పలుకుతుంది. గోదావరికి కొట్టండి. పలుకుతుంది. బయట 8.8.8.8కి కొట్టండి. అది గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్, అంటే పేర్లకు అంకెల అడ్రసులు చెప్పేది. జవాబు రాదు. ఎందుకు రాదో ఊహించకండి, చూడండి. గోదావరిలో టీసీపీడంప్ అన్న పనిముట్టును రెండో కార్డు మీద నడిపితే, మంజీర పంపిన ప్యాకెట్లు సెకనుకొకటి చొప్పున వచ్చి చేరడం వరసగా కనిపిస్తుంది. మొదటి కార్డు మీద నడిపి చూడండి, ఒక్కటీ ఉండదు. ప్యాకెట్ గోదావరి దాకా వచ్చింది, దాటి పోలేదు. కారణం, లైనక్స్ మామూలుగా పరాయి ప్యాకెట్లను ముందుకు పంపదు. తనకు వచ్చినవి తీసుకుంటుంది, మిగతావి వదిలేస్తుంది. ఐపీ ఫార్వర్డ్ అన్న సెట్టింగ్ సున్నాగా ఉంటుంది, దాన్ని ఒకటి చేయాలి.

చేశాక మళ్లీ చూడండి. ఇప్పుడు మొదటి కార్డు మీద కూడా ప్యాకెట్ బయల్దేరుతోంది. కానీ జవాబు ఇంకా లేదు. ప్యాకెట్ మీద పంపినవారి అడ్రస్ చూడండి, 10.10.10.2 అని ఉంది. ఆ అడ్రస్ ఎక్కడుందో గోదావరికి తెలుసు కానీ, ఆవలివాళ్లకు తెలియదు. జవాబు తిరిగి రావడానికి దారి లేదు. అందుకని గోదావరిలో మాస్కరేడ్ అన్న నియమం ఒక లైను రాయాలి. అంటే బయటికి పోయే ప్యాకెట్ల మీద తన అడ్రస్ వేసి పంపమని చెప్పడం. అది రాసిన మరుక్షణం టీసీపీడంప్‌లో పంపినవారి అడ్రస్ 10.0.2.15గా మారుతుంది, దాని వెనకే జవాబు వస్తుంది, మంజీరలో పింగ్ కదులుతుంది. ఈ మూడు మెట్లను కళ్లారా చూసినవాళ్లకు గేట్‌వే, రౌటింగ్, నాట్ అన్నవి ఇక బట్టీ పట్టాల్సిన పని ఉండదు. ఆ ప్యాకెట్ మొత్తం ఎన్ని చోట్ల అడ్రస్ మార్చుకుందో లెక్కేయండి. గోదావరిలో ఒకసారి, వర్చువల్‌బాక్స్‌లో ఒకసారి, మీ ఇంటి రౌటర్‌లో ఒకసారి. చాలా ఇంటర్నెట్ కంపెనీలు తమ దగ్గర ఇంకోసారి మారుస్తాయి.

ఇక, పని చేయనప్పుడు వెతికే వరస. మొదట సొంత అడ్రస్. ఉందా, మీరు పెట్టిందేనా? విండోస్ గెస్ట్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే, దానికి అడ్రస్ ఇచ్చేవారు దొరకలేదని అర్థం. తర్వాత పక్క మెషిన్. తర్వాత గేట్‌వే. తర్వాత బయటి అంకెల అడ్రస్. చివర పేరు. అంకెలతో పోయి, పేరుతో పోకపోతే తప్పు డీఎన్‌ఎస్‌లో ఉంది, మిగతాదేదీ ముట్టుకోవద్దు. ఈ వరస దాటి చివరి నుంచి మొదలుపెట్టినవాళ్లు సాయంత్రమంతా సెట్టింగ్స్ మారుస్తూనే ఉంటారు. ప్యాకెట్ పోయే దారి చూపే ట్రేస్‌రూట్ లాంటివి మాత్రం వర్చువల్‌బాక్స్ నాట్ గుండా నమ్మకంగా పనిచేయవు, వాటి మాట పట్టుకుని కంగారు పడకండి.

మామూలుగా తగిలే గుంటలు రెండు మూడు చెబుతాను. ఒకటి, క్లోన్. మంజీరను కాపీ చేసి శబరిని తయారుచేస్తే, మ్యాక్ అడ్రస్ కూడా కాపీ అయ్యే ప్రమాదం ఉంది. ఒకే స్విచ్ మీద ఒకే మ్యాక్‌తో ఇద్దరుంటే ప్యాకెట్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతాయి. క్లోన్ చేసేటప్పుడు కొత్త మ్యాక్ అడ్రసులు పుట్టించమనే ఆప్షన్ ఎంచుకోండి. ఉబుంటు సర్వర్‌లో మెషిన్ ఐడీ అన్నది కూడా కాపీ అవుతుంది. దానివల్ల మ్యాక్‌లు వేరైనా డీహెచ్‌సీపీ రెండింటికీ ఒకే అడ్రస్ ఇవ్వవచ్చు. రెండు, విండోస్ ఫైర్‌వాల్. విండోస్ మెషిన్ పింగ్‌కు జవాబివ్వకపోతే నెట్‌వర్క్ పోయిందని అనుకోకండి. మామూలుగానే బయటి పింగ్‌కు పలకకుండా దాని ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది. మూడు, శ్రేణులు ఢీకొనడం. మీ ఇంటి రౌటర్ వాడే శ్రేణినే హోస్ట్ ఓన్లీ నెట్‌వర్క్‌కు పెడితే, ప్యాకెట్ ఎటు పోవాలో హోస్ట్ తేల్చుకోలేదు.

భద్రత గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. సైబర్ సెక్యూరిటీ నేర్చుకునేవాళ్లు మెటాస్ప్లాయిటబుల్ లాంటి మెషిన్లు దించుకుంటారు. వాటిలో లోపాలు కావాలనే పెట్టి ఉంటారు, దాడులు ప్రాక్టీసు చేయడానికి. అలాంటిదాన్ని బ్రిడ్జ్‌డ్‌లో పెట్టడమంటే తలుపులన్నీ తెరిచిన మెషిన్‌ను ఇంటి నెట్‌వర్క్‌లోకి తెచ్చుకోవడమే. దాని చోటు ఇంటర్నల్, లేకపోతే హోస్ట్ ఓన్లీ. పక్కన దాడుల పనిముట్లతో వచ్చే కాలీ లైనక్స్ పెట్టుకుని ఎంతసేపైనా కుస్తీ పట్టండి. మొదలుపెట్టే ముందు స్నాప్‌షాట్ తీసి ఉంచితే, ఎంత చెడగొట్టినా నిమిషంలో వెనక్కి రావచ్చు.

ఇదంతా ఇంట్లో ఆడుకునే ఆటేనా అని అడగవచ్చు. కాదు. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ రీజియన్ ఒకదాన్ని, అంటే డేటా సెంటర్ల సముదాయాన్ని, హైదరాబాద్‌లో ప్రారంభించింది. అక్కడ ఒక కంపెనీ తన డేటాబేస్ సర్వర్లను ఎలా ఉంచుతుంది? ప్రైవేట్ సబ్‌నెట్‌లో. వాటికి అప్‌డేట్లు కావాలంటే ఎలా బయటికి పంపుతుంది? నాట్ గేట్‌వే గుండా. అంటే మీ ల్యాప్‌టాప్‌లో మంజీర, శబరి ఉన్నచోటే ఆ సర్వర్లు ఉన్నాయి, గోదావరి ఉన్నచోట గేట్‌వే ఉంది. ఇంటర్వ్యూలో ఈ బొమ్మ గీయమంటే, సొంతంగా కట్టినవాడి చెయ్యి తడబడదు. అక్కడ పొరపాటు జరిగితే కంపెనీ డేటా బయటపడుతుంది. ఇక్కడ పొరపాటు జరిగితే స్నాప్‌షాట్ ఉంది. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది?

ఈ ఆదివారం ఈ మూడు మెషిన్లూ కట్టండి. పని చేశాక అక్కడితో ఆపకండి. కావాలని ఒక్కొక్కటీ చెడగొట్టండి. శబరిలో గేట్‌వే తీసేయండి. గోదావరిలో ఐపీ ఫార్వర్డ్ మళ్లీ సున్నా చేయండి. ప్రతిసారీ పింగ్ కొట్టేముందు, ఎవరు ఎవరితో మాట్లాడగలరో, ఎవరు మాట్లాడలేరో రాసుకోండి. తర్వాత కొట్టి చూడండి. మీరు రాసిందీ తెర మీద వచ్చిందీ ఒకటైన రోజున, నెట్‌వర్కింగ్ మీకు వచ్చినట్టే.